పటిక గీతలు

నా భార్య ఆస్రా పోయిన రోజు మేడ మీద గది తలుపు తెరిచే ఉంది. ఉదయం నేను బడికి బయలుదేరేటప్పుడు ఆమె ఆ గదిలోనే ఉంది. మెట్ల దగ్గర నిలబడి వెళ్ళొస్తానని కేక వేశాను. "సరే, టిఫిన్ డబ్బా మర్చిపోకండి" అంది. మూడో పీరియడ్ జరుగుతుండగా పక్కింటి రమాసుందరి గారు ఫోన్ చేశారు. నేను ఆసుపత్రికి చేరేసరికే గుండె ఆగిపోయింది. ఆమెకు నలభై మూడేళ్ళు.

ఖననం అయ్యాక ఇల్లు బంధువులతో నిండిపోయింది. భవానీపురంలో మాది చిన్న ఇల్లు. చాపల కోసం పైకి వెళ్ళిన ఒకాయన దిగి వచ్చి, "బల్ల మీద మరకల గుడ్డ ఏదో పరిచి ఉంది, తీసి కింద పడేయనా?" అని అడిగాడు. నేను లేచి పైకి వెళ్ళాను. రెండు గజాల నూలు గుడ్డ. నాలుగు మూలలా ఇటుక ముక్కలు. గేదెపాలు కలిపిన కరక్కాయ రసంలో ముంచడంతో పసుపెక్కిన గుడ్డ మీద నిలువుగా నల్లటి గీతలు. పక్కన గిన్నెలో పటిక నీళ్ళు, అందులో వెదురు కలం. గుడ్డను ముట్టుకోలేదు. తలుపు వేసి, తాళం జేబులో వేసుకుని కిందికి వచ్చాను.

ఆస్రాది పెడన. వాళ్ళ నాన్న హబీబ్ సాహెబ్ కలంకారీ అద్దకం పనివాడు. ఆ పనిలో నలుపు వేసిన వెంటనే కనిపిస్తుంది. ఎరుపు అలా కాదు. ఎరుపు రావలసిన చోట పటిక అద్దుతారు. దానికి తనదైన రంగు లేదు, ఆరితే కనిపించదు. ఆ గుడ్డను పారే నీటిలో జాడించి, మంజిష్ఠ వేర్లు వేసిన నీళ్ళలో ఉడికిస్తే, పటిక తగిలిన చోటల్లా ఎరుపు పట్టుకుంటుంది. తగలని చోట నిలవదు. ఎక్కడ అద్దామో తెలియడానికి అద్దేవాళ్ళు పటికలో కొంచెం గుర్తురంగు కలుపుకుంటారు. అది తర్వాత నీళ్ళలో పోతుంది.

ఆస్రా చిన్నప్పుడు ఒక రంజాన్ నెలలో, ఎండలో ఉపవాసం ఉండి పని చేస్తూ, హబీబ్ సాహెబ్ ఆ గుర్తురంగు కలపడం మర్చిపోయాడు. అచ్చు సరిగా పడటం లేదేమో అనుకుని వేసిన చోటే మళ్ళీ వేశాడు. కొన్ని చోట్ల మూడోసారి కూడా వేశాడు. ఉడికించి తీస్తే పువ్వు మీద పువ్వు, ఆకు మీద తీగ, తీగ మీద పువ్వు. ఏదీ ఏదీ కాకుండా పోయింది. బేరగాడు చూసి నవ్వి వెనక్కి తోసేశాడు. ఆ తాను ఇంట్లో దుప్పటి అయింది. మధ్యాహ్నాలు ఆస్రా దాని మీద బోర్లా పడుకుని చూస్తుంటే అందులో పువ్వులు పోయి ఎరుపు ఒక్కటే మిగిలేదట. ఎక్కడ చిక్కబడిందో, ఎక్కడ పలచబడిందో, అది ఎటు నడుస్తోందో. "మా నాన్న జీవితంలో వేసిన అన్నిటికంటే అదే బాగా వేశాడు. పాపం ఆయనకి తెలీదు" అనేది.

పెళ్ళయ్యాక ఆమె ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేరింది. ఇంటి దగ్గర అచ్చులు వదిలేసి వెదురు కలం పట్టుకుంది. పటికలో గుర్తురంగు ఎప్పుడూ కలపలేదు. "ఎక్కడ గీశానో కనబడిందనుకోండి, చెయ్యి ఊరుకోదు. దిద్దుతుంది" అనేది. గీయడం అయ్యాక పెడన వెళ్ళి ఉడికించుకుని వచ్చేది. తను ఏం గీసిందో తనకు కూడా అప్పుడే తెలిసేది. బాగుంటే మడిచి పెట్టెలో పెట్టేది. బాగోకపోతే వంటింట్లో మసిగుడ్డ అయ్యేది.

నేను సోషల్ మాస్టారిని. చిత్రకళ చదువుకోలేదు. ఆమె మొదటి గుడ్డ చూపించినప్పుడు ఇదేమిటని అడగాలని నాకు తోచలేదు. చాలాసేపు చూసి, "ఇలాంటిది ఇంకోటి ఉందా?" అన్నాను. ఆమె గబగబా పెట్టె తెరిచింది. మా పెళ్ళయిన ఏడాది అది. ఆ తర్వాత ప్రతి గుడ్డకూ మొదటి ప్రేక్షకుణ్ణి నేనే.

మిగతావాళ్ళు అడిగేవారు. ఒకసారి రమాసుందరి గారు మేడ మీద వడియాలు ఎండబెట్టడానికి వచ్చి, తీగ మీద ఆరేసిన గుడ్డ ముందు ఆగిపోయారు.

"ఏంటి ఆస్రా ఇది?"

"మీ చీర మీద ఉన్నదేంటండీ?"

ఆవిడ కొంగు ఎత్తి చూసుకున్నారు. "ఇది మంగళగిరి గళ్ళు కదమ్మా."

"గళ్ళంటే ఏంటి? ఇల్లా, పొలమా?"

"గళ్ళంటే గళ్ళే. దానికో అర్థం ఏంటే నీ మొహం!"

"మరి కొట్లో వంద చీరలు విప్పించి దీన్నే ఎందుకు తీసుకున్నారు?"

"బాగుందని."

"ఇదీ అంతేనండీ" అంది ఆస్రా. "కాకపోతే కట్టుకోలేం."

రమాసుందరి గారు నవ్వుతూ వెళ్ళారు గాని, మర్నాడు తోడికోడల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చారు. ఆ గుడ్డ ముందు నిలబడి ఇద్దరూ ఎరుపు ఎక్కువైందా సరిపోయిందా అని వాదించుకున్నారు. ఇదేమిటని మాత్రం మళ్ళీ అడగలేదు.

మా వాళ్ళలో కొందరు మరోలా అనుకునేవారు. మనలో ప్రాణుల బొమ్మలు వేయకూడదు కాబట్టి ఇలా గీతలతో సరిపెట్టుకుంటోందని, ఎంత భక్తి అని మెచ్చుకునేవారు. ఆస్రాకు ఆ మెచ్చుకోలు నచ్చేది కాదు. "స్కూల్లో రోజూ నెమళ్ళు వేయిస్తున్నా కదా పిల్లలతో. రాక కాదు, వద్దనీ కాదు. నెమలిని వేస్తే అందరూ నెమలినే చూస్తారు. గీతని ఎవరు చూస్తారు?" అనేది.

ఆమె పనిని ఇల్లు దాటించింది శాంభవి. బెజవాడలో చిన్న గ్యాలరీ నడిపే అమ్మాయి, హైదరాబాదులో చిత్రకళ చదువుకుంది. ఏప్రిల్ చివర్లో ఆస్రా గుడ్డలతో ప్రదర్శన పెట్టాలని ఇద్దరూ అనుకున్నారు. ఆస్రాకు అదే మొదటి ప్రదర్శన. పెట్టెలోని గుడ్డలన్నీ అప్పటికే ఎంచి పెట్టారు. బల్ల మీదిది చివరిది. హాలులో ఎదురు గోడ దానికోసమే వదిలారు.

మార్చిలో శాంభవి మా ఇంటికి వచ్చింది. ప్రదర్శన ఆపేద్దామా అని అడిగింది. వద్దన్నాను. అప్పుడు ఆమెను పైకి తీసుకెళ్ళి తాళం తీశాను. నా వెనకే మా అమ్మాయి జుబియా వచ్చింది, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఆమె వెనక మా అత్తగారు జైతూన్ బీ, మోకాళ్ళు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చారు. నలభయ్యో రోజు చేసే చాలీస్వా వరకు ఆవిడ మా దగ్గరే ఉన్నారు.

శాంభవి గుడ్డ చుట్టూ తిరిగి చూసింది. "సార్, దీన్ని ఇలాగే పెడదామండి. పసుపు మీద నల్లగీతలు. ఎరుపు లోపలే ఉంది, ఎవరికీ కనబడదు. చూసేవాళ్ళకి అది ఉందని మాత్రం తెలుస్తుంది. అంతకంటే ఏం కావాలి?"

"ఏం కావాలా?" అన్నారు అత్తగారు. "ఉడకాలి."

"అది కాదండీ అమ్మమ్మగారూ..."

"ఏది కాదు? పిండి కలిపి రొట్టె కాల్చకుండా పళ్ళెంలో పెడతావా నువ్వు? ఇందులో రొట్టె ఉంది, ఊహించుకోండి అంటావా?"

జుబియా గుడ్డకూ ఆవిడకూ మధ్య నిలబడింది. "నానీ, దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు. ఉడికిస్తే ఏం వస్తుందో ఎవరికి తెలుసు? అమ్మీ ఉంటే వేరు. బాగోకపోతే?"

"బాగోకపోతే బాగోదు."

"అదే ఆఖరిది నానీ! అందరూ చూస్తారు. ఇదేనా అంటారు."

శాంభవి నెమ్మదిగా, "తన భయం నాకర్థమైంది సార్. ఇలా ఉంచితే ఏ ప్రమాదమూ లేదు" అంది.

అత్తగారు బల్ల అంచున కూర్చుని ఒక నల్లగీతను గోటితో తాకారు. "ఈ నలుపు ఏంటనుకున్నారు? తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళు. ఉడికించకుండా, ఉతక్కుండా ఉంచితే వానాకాలంలో ఊరుకోదు. గీత వెంబడే గుడ్డని తినేస్తుంది. వచ్చే ఏడాదికి చీలికలు దొరుకుతాయి మీకు. గాజు పెట్టెలో పెట్టుకోండి."

అది నిజమేనని శాంభవి ఒప్పుకుంది. పాత గుడ్డల్లో తను చూశానంది. ఏదో మందు పూసి ఆపవచ్చేమో కనుక్కుంటానంది. అత్తగారు, "కనుక్కో తల్లీ. ఈలోపు కాలవ కట్టేస్తారు" అన్నారు.

ఏప్రిల్లో డెల్టా కాలువలకు నీళ్ళు ఆపేస్తారు. పటిక వేసిన గుడ్డను ముందు పారే నీళ్ళలో జాడించాలి. నిలవ నీళ్ళలో ముంచితే ఎక్కువైన పటిక పక్కకు పాకి తెల్లగా ఉండాల్సిన చోట కూడా ఎరుపు మరకలు పడతాయి. పెడనలో బోరు నీళ్ళు ఉప్పన. కాలువ కట్టేస్తే మళ్ళీ జూన్ దాటాలి. అప్పటికి ప్రదర్శన అయిపోతుంది, వానలు మొదలవుతాయి.

ముగ్గురూ నా వైపు చూశారు. నేను ఆలోచించుకుని చెబుతానన్నాను.

వారం రోజులు బడికి వెళ్ళి పాఠాలు చెప్పి వచ్చాను. జుబియా రోజూ మేడ మీదికి వెళ్ళి ఆ గదిలో కూర్చునేది. కరక్కాయా, గేదెపాలూ కలిసిన వాసన గుడ్డలో ఇంకా ఉంది. ఆస్రా చేతులకూ ఆ వాసనే ఉండేది. ఉడికిస్తే అది పోతుంది. జుబియా ఆ మాట నాతో అనలేదు. నేనూ అనలేదు.

శాంభవి చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు. అలా పెడితే అదీ ఒక అందమే. కాని అది శాంభవి తలపు, ఆస్రాది కాదు. ఆస్రా ఏ గుడ్డనూ ఉడికించకుండా దాచుకోలేదు. ఉడికించడానికి భయపడగా నేను చూడలేదు. పెడన బస్సు ఎక్కేటప్పుడు ఆమె ముఖం పరీక్ష రాసిన పిల్ల ఫలితాలకు వెళుతున్నట్టు ఉండేది కాదు. పండక్కి పుట్టింటికి వెళుతున్నట్టు ఉండేది. పోయిన మనిషి పనిని కాపాడాలంటే ఆ మనిషి ఆ పనిని ఎలా చూసుకుందో అలాగే చూడాలి. నాకు మరో దారి కనిపించలేదు.

ఆదివారం టీ తాగుతూ జుబియాతో, "ఉడికిద్దాం" అన్నాను.

జుబియా, "బాగోకపోతే?" అంది.

"మీ అమ్మీ ఏం చేసేది?"

జుబియా కప్పు కింద పెట్టింది. "మసిగుడ్డ" అంది. అని, నవ్వబోయి ఏడ్చింది. వంటింట్లోంచి అత్తగారు, "మసిగుడ్డకి రెండు గజాలు ఎందుకే, సగం నాకివ్వు, పెడనలో నాకూ గిన్నెలున్నాయి" అని అరిచారు.

శాంభవికి ఫోన్ చేశాను. "నేనూ రావచ్చా సార్?" అని అడిగింది.

పెడనలో హబీబ్ సాహెబ్ పనిచేసిన అద్దకం షెడ్డును ఇప్పుడు ఎలీషా నడుపుతున్నాడు. ఆస్రాకు చిన్నప్పటినుంచీ తెలిసినవాడు. మమ్మల్ని చూడగానే అత్తగారి చేతులు పట్టుకున్నాడు. తర్వాత గుడ్డ తీసుకుని ఎండకు ఎత్తి చూశాడు.

"గుర్తురంగు మళ్ళీ కలపలేదు. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది మాస్టారూ. ఆస్రమ్మా, ఇంత రంగు కలుపుకో, నీకే కనబడుద్ది అంటే, నీకెందుకు బాబాయ్, ఉడకబెట్టు అనేది."

"మీకు నచ్చేవా ఆ గుడ్డలు?" అని శాంభవి అడిగింది.

"నచ్చడమా? నాకు అర్థం అయ్యేవి కాదండి. కాని ఆవిడ గుడ్డ బానలో ఉంటే మాత్రం నేను టీకి కూడా పోయేవాణ్ణి కాదు. మిగతా గుడ్డల్లో ఏమొచ్చుద్దో ముందే తెలుసు కదా. పువ్వేస్తే పువ్వే వచ్చుద్ది."

కాలువలో నడుములోతు నీళ్ళున్నాయి. ఎలీషా దిగి గుడ్డను ప్రవాహానికి వదిలి, రెండు కొసలూ పట్టుకుని జాడించాడు. పసుపు రంగు చిన్న తోకలా సాగి పోయింది. జుబియా గట్టు మీద నిలబడి దాన్ని చూస్తూనే ఉంది. రాగి బానలో నీళ్ళు అప్పటికే ఎర్రగా కాగుతున్నాయి. ఎలీషా గుడ్డను దించి కర్రతో కలియబెట్టడం మొదలుపెట్టాడు. అత్తగారు పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుని మంట ఎక్కువైందనీ, తగ్గిందనీ అతన్ని సాధిస్తూ ఉన్నారు.

"మీ ఆయన కూడా ఇంతగా తిట్టలేదమ్మా నన్ను."

"ఆయన మంచోడు. నేను కాదు."

మొదటిసారి కర్రతో ఎత్తినప్పుడు గుడ్డంతా ఒకటే లేత గులాబీ రంగు. జుబియా నా చెయ్యి పట్టుకుంది. రెండోసారి ఎత్తినప్పుడు ఆ గులాబీలో అక్కడక్కడా ముదురు తేలింది. మూడోసారి ఎలీషా గుడ్డను పక్కనున్న దండెం మీద వేశాడు. నీళ్ళు కారుతుండగా నలుగురం ముందుకు వంగి చూశాం.

అది ఎలా ఉందో చెప్పడానికి ప్రయత్నిస్తాను. నల్లగీతలు నిలువుగా, ఎడం ఎడంగా ఉన్నాయి. ఎడమవైపు కింది మూల నుంచి ఎరుపు బయలుదేరింది. మొదట రెండు వేళ్ళ వెడల్పున. నల్లగీత దగ్గరకు వచ్చిన ప్రతిసారీ దాన్ని దాటకుండా, దాని వెంట కొంత దూరం పైకి పోయి, సన్నబడి, అవతలి వైపు మళ్ళీ లావుగా మొదలైంది. మధ్యలో ఆమె చెయ్యి తెలియకుండానే వెళ్ళిన దారినే మళ్ళీ వెళ్ళింది. అక్కడ ఎరుపు మీద ఎరుపు పడి దాదాపు నేరేడుపండు రంగుకు తిరిగింది. ఆ చిక్కదనం నుంచి మూడు పాయలు పైకి లేచి కుడివైపు సాగాయి. ఏదీ మరోదాని పొడవు లేదు. అది ఏ వస్తువునూ పోలి లేదు. దేనితోనైనా పోలిస్తే తక్కువ చెప్పినట్టవుతుంది. ఆమె వేసిన వాటన్నిటిలోకీ ఇది మంచిది. భర్తను గనక అనడం లేదు. ఇరవై ఏళ్ళుగా ఆమె గుడ్డలన్నీ మొదట చూసినవాణ్ణి గనక అంటున్నాను.

శాంభవి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత, "నేను ఉడికించొద్దన్నాను కదా సార్" అంది. అవతల జుబియా నవ్వుతోంది. "నానీ, చూశావా! నానీ, చూశావా!" అదే మాట.

అత్తగారు లేచి గుడ్డ దగ్గరకు వచ్చారు. తడి గీత వెంబడి వేలు పోనిచ్చారు. "ఇదిగో, ఇక్కడ కలం ముంచింది. ఇక్కడిదాకా వచ్చింది, ఆరిపోయింది. మళ్ళీ ముంచింది. ఇక్కడ గట్టిగా నొక్కింది మొండిపిల్ల." అలా ఎడమనుంచి కుడికి, కూతురి చెయ్యి నడిచిన దారంతా నడిచారు. ఆ వేలు ఒకచోట ఆగింది.

"ఎలీషా, ఇక్కడ ఉడకలేదు."

ఎలీషా వచ్చి చూశాడు. కుడివైపు చివర, పైనుంచి కిందిదాకా, నల్లగీతలే ఉన్నాయి. వాటి మధ్య ఎరుపు లేదు. బానలోని నీళ్ళు వదిలిన లేత గులాబీ తప్ప ఏమీ లేదు.

"ఉడికిందమ్మా."

"ఇక్కడ పట్టలేదు చూడు. మళ్ళీ వెయ్యి."

"పట్టేదైతే ఈపాటికే..."

"వెయ్యమంటున్నానా!"

వేశాడు. మంట పెంచాడు. ఆవిడ పీట మీద కూర్చోలేదు, బాన పక్కనే నిలబడ్డారు. తీసి చూస్తే మిగతా ఎరుపంతా ఇంకాస్త ముదిరింది. ఆ మేర మాత్రం అలాగే ఉంది. అత్తగారు మోచేయి గుడ్డకు ఆనించి కొలిచారు. మూర ఉంది. ఆ చేతిని అలాగే అక్కడ ఉంచి, "ఇక్కడిదాకే వచ్చిందా" అన్నారు. మమ్మల్ని అడగలేదు.

ఉడికించే వరకు గుడ్డ అంతటా ఆమె గీసే ఉంటుందని అందరం అనుకున్నాం. పటిక కనిపించదు గనక అలా అనుకోవడానికి వీలైంది.

గుడ్డను ఇసుక గట్టు మీద పరిచి, సాయంత్రం దాకా నీళ్ళు చిలకరిస్తూ ఎండబెట్టాం. తర్వాత రెండు రోజులు జుబియా పెడనలోనే ఉండి వాళ్ళ నానీతో కలిసి ఆ పని చేసింది. లేత గులాబీ పోయి గుడ్డ నేల తెల్లబడింది. ఎరుపూ నలుపూ నిలిచాయి. కాలువకు నీళ్ళు ఆపే ముందే గుడ్డ బెజవాడ చేరింది.

గ్యాలరీలో దాన్ని గోడకు పెట్టే రోజున శాంభవి చాలాసేపు దూరం నుంచి చూసింది.

"సార్, ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. ఈ చివర మూర వెనక్కి మడిచి ఫ్రేమ్ కడితే బిగువుగా ఉంటుంది. పాయలు మూడూ సరిగ్గా అంచు దగ్గరికొస్తాయి."

మడిచి చూపించింది. ఆమె చెప్పింది నిజమే. చూపు ఎక్కడా జారకుండా మధ్యలో నిలిచింది. ఎవరు చూసినా ఇది పూర్తయిన బొమ్మ అంటారు.

"విప్పేయండి" అన్నాను. "ఆమె చేసిందంతా కనిపించాలి. చెయ్యనిది కూడా."

శాంభవి వాదించలేదు. ఫ్రేమ్ లేకుండా, పై అంచుకు సన్నటి కర్ర కట్టి, గుడ్డను గుడ్డలాగే వేలాడదీసింది. పక్కన పెట్టే చీటీలో ఏం రాయమంటారని అడిగింది. ఇది ఆమె చివరి చిత్రమని, భర్తగా నా మాటలు రెండు ఉంటే చూసేవాళ్ళకు దారి దొరుకుతుందని అంది. వద్దన్నాను. మనిషి పోయిందని చదివాక ఎవరూ గీతను చూడరు. ఆస్రా, పెడన అని మాత్రం రాయించాను.

ప్రదర్శన తెరిచిన రోజు అనుకున్నదానికంటే ఎక్కువమంది వచ్చారు. పెడన నుంచి ఎలీషా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అత్తగారు ఎదురు గోడ పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ళకూ, "నా బిడ్డ చేసింది. చేత్తో ముట్టకండి, కళ్ళతో చూడండి" అని చెబుతూ ఉన్నారు. జుబియా మిగతా గుడ్డల దగ్గర నిలబడి పటిక సంగతి వివరిస్తోంది. ఆమె గొంతు ఎక్కడా తడబడలేదు.

మధ్యాహ్నం మా బడి తొమ్మిదో తరగతి పిల్లలు వచ్చారు. నేను పిలవలేదు. వాళ్ళే హెడ్మాస్టరు గారిని అడిగి వచ్చారట.

"సార్, ఇది కృష్ణానది కదా సార్?" అన్నాడు సాయిగణేష్. "నల్లవి బ్యారేజీ గేట్లు."

"నీ మొహం, గేట్లు అంత వంకరగా ఉంటాయా?" అంది సింధూరి. "ఇవి వైర్లు. షార్ట్ సర్క్యూట్ అయింది."

"ఏదీ కాదు" అంది అక్షయ. ఆ పిల్ల క్లాసులో పెద్దగా మాట్లాడదు. "చూడండి, ఎరుపు నలుపుని ఎక్కడా దాటదు. దాని దాకా వచ్చి పక్కకి జరుగుతుంది. ఒక్కచోట కూడా దాటలేదు."

ముగ్గురూ గుడ్డకు ముక్కు ఆనించినంత దగ్గరగా వెళ్ళి వెతికారు. అత్తగారు అరిచారు. వెనక్కి వచ్చి, మళ్ళీ దూరం నుంచి వెతికారు.

"నిజమే సార్" అన్నాడు సాయిగణేష్. "ఎక్కడా దాటలేదు. మేడమ్ స్కేలు పెట్టుకున్నారా?"

"లేదు. ఎరుపు ఆవిడకి కనపడలేదు కూడా."

"కనపడకుండా ఎలా సార్?"

"మీ జుబియా అక్కని అడగండి, చెబుతుంది."

వాళ్ళు అటు పరుగెత్తారు. అక్షయ మాత్రం కదల్లేదు. ఆ పిల్ల అలా నిలబడి ఉన్నంతసేపూ నేను కూడా ఆమె వెనక నిలబడ్డాను. ఇరవై ఏళ్ళుగా ఆస్రా చేసిన పనిని, ఎవరూ నేర్పకుండా, ఒక పిల్ల గీతగా చూసింది. ఆ మాట ఆస్రాకు చెప్పగలిగితే బాగుండేది.

సాయంత్రం ఒక పెద్దాయన వచ్చారు. కాలేజీలో చిత్రకళ చెప్పి రిటైరయ్యారట. మా సంగతులు ఆయనకు తెలియవు. ఎదురు గోడ ముందు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడి, నా వైపు తిరిగారు.

"గొప్పగా ఉందండీ. ముఖ్యంగా కుడివైపు ఆ ఖాళీ. ఇంత జోరుగా వచ్చిన ఎరుపుని అక్కడ ఆపేయడానికి ఎంత ధైర్యం కావాలి! ఎక్కడ ఆగాలో తెలిసిన మనిషి."

ఆయన మాటల్లో గౌరవం ఉంది. తల ఊపి ఊరుకోవచ్చు. ఆస్రాకు దక్కవలసిన మెచ్చుకోలు ఆ గుడ్డలో చాలా ఉంది. ఆమె చేయనిదాన్ని కూడా దానికి కలపడం ఎందుకనిపించింది.

"ఆవిడ ఆపలేదండీ" అన్నాను.

"మరి?"

"ఎడమనుంచి గీసుకుంటూ వస్తోంది. కుడివైపు మూర మేర ఇంకా గీయాలి."